మాస్క్ పెట్టుకుని ట్రెడ్‌మిల్ ఎక్కితే ఊపిరాడటం లేదు. జిమ్‌లో హాయిగా ఉండే మాస్క్ ఏదైనా ఉందా?

నిజాంపేట్_నాని
"ఇప్పుడు మాస్క్ ఎందుకు" అని అడుగుతారని ముందే చెప్పేస్తున్నా. ఐదు నెలల క్రితం మా నాన్నకు కిడ్నీ మార్పిడి జరిగింది, అమ్మే ఇచ్చింది. ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు ఆయన ఇక జీవితాంతం వేసుకోవాలి. బయటి నుంచి జలుబు కూడా ఇంట్లోకి తేవద్దని డాక్టర్ మా అందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పారు. అదే నెలలో నాకు షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, 34 ఏళ్ళకే. అంటే జిమ్ మానకూడదు, జలుబు తెచ్చుకోకూడదు.

మా జిమ్ సెల్లార్‌లో ఉంటుంది. ఒక్క కిటికీ లేదు, నాలుగు స్ప్లిట్ ఏసీలు మాత్రం ఉన్నాయి. ఆఫీసు అయ్యాక రాత్రి 7.30కి వెళ్తే 30 మంది ఉంటారు, అందులో ఒకరైనా దగ్గుతూనే ఉంటారు.

ఇప్పటికి మూడు రకాలు చూశాను. సర్జికల్ మాస్క్ పది నిమిషాలకే తడిసిపోయింది. గాలి పీల్చినప్పుడల్లా వచ్చి ముక్కుకు, పెదాలకు అతుక్కుంటుంది, వదిలితే ఉబ్బుతుంది. ఆన్‌లైన్‌లో 600 పెట్టి "స్పోర్ట్స్ మాస్క్" అని కొన్న గుడ్డ మాస్క్ దానికన్నా ఘోరం, తడి బనియన్ మొహానికి చుట్టుకున్నట్టే ఉంది. ఎన్95 బాగానే ఉందనుకుంటే చెవుల వెనక కోసేస్తోంది, పావుగంటకు తలనొప్పి. నిజంగా వాడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఉప్పల్_పహిల్వాన్
మాస్క్‌తో పరుగెత్తొద్దు భయ్యా. 2020 జూన్‌లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళే చెప్పారు, వ్యాయామం చేసేటప్పుడు మాస్క్ వద్దు, చెమటకు తడిసి ఊపిరి కష్టమవుతుందని. ఇంట్లోనే స్కిప్పింగ్ చెయ్, దండాలు తియ్. పైసా ఖర్చు లేదు.

జుంబా_అక్క
మూడో అంతస్తు ఫ్లాట్‌లో స్కిప్పింగ్ చేస్తే కింది ఇంటివాళ్ళు ఊరుకుంటారా పహిల్వాన్ తమ్ముడూ 😄

నానీ, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులు చెప్తాను. 2020 ఆగస్టు 5 నుంచి జిమ్‌లు తెరవొచ్చని కేంద్రం అన్నప్పటి నుంచి దాదాపు రెండేళ్ళు మాస్క్‌తోనే ఎగిరాను. నీకు అతుక్కుంటోందంటే మాస్క్ నోటికి ఆనుతోందన్నమాట. ముందుకు పొడుచుకొచ్చి ఉండేది చూసుకో, బాతు ముక్కులా ఉంటుంది, డక్‌బిల్ అంటారు. లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి ఎంత గట్టిగా పీల్చినా పెదాలకు తగలదు. చూడ్డానికి బాగోదు నిజమే, మొదటి రోజు మా క్లాసులో పిల్లలందరూ నవ్వారు. వారం తిరక్కుండా ఎక్కడ కొన్నారక్కా అని వాళ్ళే అడిగారు.

కళ్ళజోడు_రావు
అక్క చెప్పిన డక్‌బిల్‌కు నాదీ ఓటు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకు ఇంకొక మాట. అద్దాల మీద ఆవిరి పట్టిందంటే ముక్కు దగ్గర సందు ఉందని అర్థం. పీల్చేటప్పుడు గాలి కూడా ఆ సందులోంచే వస్తుంది, వడపోత లేకుండా. పైనున్న తీగను ఒక చేత్తో గిల్లినట్టు నొక్కకండి, మధ్యలో కోణంలా లేచిపోతుంది. రెండు చూపుడు వేళ్ళూ ముక్కు దూలం మీద పెట్టి, అక్కడి నుంచి బుగ్గల వైపు మెల్లగా రాస్తూ పోవాలి.

ఫిజియో_పద్మ
పహిల్వాన్ గారు చెప్పింది అబద్ధం కాదు, డబ్ల్యూహెచ్‌ఓ ఆ మాట అంది. దూరం పాటించండి అని కూడా అంది. మన ఆరోగ్య శాఖ అప్పట్లో జిమ్‌లకు ఇచ్చిన సూచనల్లోనూ వ్యాయామం చేస్తుండగా ఎన్95 పెట్టుకుంటే ఊపిరి ఇబ్బంది కావచ్చని, వీలైనంత వరకు వైజర్, అంటే మొహం ముందు వేలాడే పారదర్శక ప్లాస్టిక్ రేకు, వాడమని ఉంది. కానీ వాటితో పాటు ఒక్కొక్కరికి 4 చదరపు మీటర్ల చోటు, మనిషికీ మనిషికీ 6 అడుగుల దూరం అని కూడా రాశారు. నాని గారి సెల్లార్‌లో అవేవీ లేవు కదా. పైగా వైజర్ ఎదురుగా పడే తుంపర్లను ఆపుతుందేమో గానీ గాలిలో తేలేవాటిని ఆపలేదు, పక్కలన్నీ ఖాళీయే.

ఊపిరి ఎందుకు ఆడదో కూడా తెలుసుకుంటే మంచిది. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాం. గట్టిగా పరుగెడితే అది 80, 100 లీటర్లకు పోతుంది. అదే గుడ్డలోంచి పది రెట్లకు పైగా గాలి లాగాలి. మాస్క్ ఆక్సిజన్‌ను ఆపదు, లాగే పనిని పెంచుతుంది. గుడ్డ తడిస్తే సందులు నీటితో మూసుకుని ఆ పని ఇంకా పెరుగుతుంది. కాబట్టి నాని గారు మాస్క్ ఒక్కటే మార్చితే చాలదు, వేగం కూడా తగ్గించాలి. 10లో పరుగెత్తే బదులు ట్రెడ్‌మిల్‌ను కొంచెం ఎత్తు పెట్టి 5.5లో నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ మోతాదు చాలు. షుగర్‌కు ఆ నడకా, వారానికి రెండు మూడు రోజులు బరువులూ సరిపోతాయి. బరువులెత్తేటప్పుడు మాస్క్ అంత బాధించదు, సెట్‌కూ సెట్‌కూ మధ్య తేరుకునే టైమ్ ఉంటుంది.

మలక్‌పేట_మామ
నేను కాటన్ చేతిరుమాలు మూడు మడతలు వేసి కట్టుకుని అపార్ట్‌మెంట్ కారిడార్‌లో రోజూ 40 నిమిషాలు నడుస్తా. నాకు 66. ఏ ఇబ్బందీ లేదు. ఉతుక్కోవచ్చు, మళ్ళీ కట్టుకోవచ్చు.

కోఠి_షాపు
మామా, మీ కారిడార్‌కు అది సరే. కానీ ఈ తమ్ముడి ఇంట్లో ఉన్నది మార్పిడి పేషెంట్. చేతిరుమాలు చాలదు.

మాది కోఠిలో సర్జికల్ సామాన్ల షాపే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. ఎన్95 అంటే 0.3 మైక్రాన్ సైజు కణాల్లో కనీసం 95 శాతం ఆపాలి. మన దేశంలో దీనికి దగ్గరి ప్రమాణం ఐఎస్ 9473, మాస్క్ మీద ఆ నంబరూ పక్కన ఎఫ్‌ఎఫ్‌పీ2 అనీ ఉండాలి. అది కనీసం 94 శాతం. ఏమీ అచ్చు వేయకుండా రోడ్డు పక్కన దండకు గుచ్చి అమ్మేవి కొనొద్దు. ఒకటి కత్తెరతో కోసి చూస్తే తెలుస్తుంది. పైనా కిందా పొరల మధ్య మెత్తగా, దూది కాగితంలా ఉండే మెల్ట్‌బ్లోన్ పొర కనిపించాలి. కొన్నిట్లో అది ఉండనే ఉండదు, మామూలు సంచీ గుడ్డే నాలుగు వరసలు కుట్టేస్తారు.

ఆ మధ్య పొరకు విద్యుదావేశం ఇస్తారు. దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు అది దుమ్మును లాగుతుంది. అందుకే అంత పల్చగా ఉన్నా పట్టేస్తుంది, గాలీ ఆడుతుంది. సబ్బుతో ఉతికినా, శానిటైజర్ కొట్టినా ఆ ఆవేశం పోతుంది. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు.

చెవుల నొప్పికి మందు ఒక్కటే, తల వెనకకు పోయే రెండు రబ్బర్లున్న రకం. ఒకటి నడినెత్తి మీద, ఒకటి మెడ మీద. ఎగిరినా దూకినా జారదు. షాపుకొచ్చే వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది చెవులకు తగిలించేదే అడుగుతారు, తీయడం పెట్టడం సులువని. జిమ్‌కు మాత్రం తల రబ్బర్లదే.

పాతబస్తీ_కుర్రాడు
నాకు ఒక డౌట్. వాల్వ్ ఉన్నది తీసుకుంటే అయిపోయె కదా? మా మామయ్య ఫ్యాక్టరీలో అందరూ అవే పెట్టుకుంటారు, చల్లగా ఉంటదంట.

ఉప్పల్_పహిల్వాన్
వాల్వ్ వద్దని 2020 జులైలో కేంద్రం రాష్ట్రాలకు లేఖే రాసింది. మర్చిపోయారా?

ఫిజియో_పద్మ
ఆ లేఖ ఎందుకు రాశారో చూడాలి పహిల్వాన్ గారూ. వాల్వ్ మనం వదిలే గాలిని వడకట్టకుండా బయటికి పంపేస్తుంది, మన దగ్గర వైరస్ ఉంటే పక్కవాళ్ళకు పోతుంది. అందరూ అందరినీ కాపాడాల్సిన రోజులవి. నాని గారి అవసరం వేరు, ఆయనకు సోకకుండా ఉండాలి. పీల్చేటప్పుడు వాల్వ్ మూసుకుంటుంది కాబట్టి లోపలికొచ్చే గాలి వడపోతలో తేడా ఉండదు. వదిలేటప్పుడు వేడీ తేమా బయటికి పోతాయి, లోపల త్వరగా తడవదు. జిమ్‌కు వాల్వ్ ఉన్నదే సుఖం. ఆయనకు కొంచెం నలతగా ఉన్న రోజు మాత్రం జిమ్‌కు వెళ్ళకూడదు. ఇంట్లో నాన్నగారి గదిలోకి వెళ్ళేటప్పుడు వాల్వ్ లేనిదే పెట్టుకోవాలి. ఈ రెండో మాట మర్చిపోవద్దు నాని గారూ, చాలా ముఖ్యం.

నిజాంపేట్_నాని
పద్మ గారూ, ఇది నాకు అస్సలు తట్టలేదు. బయటికి ఒక రకం, ఇంట్లోకి ఒక రకం. థాంక్స్ అండి.

శ్వాస_సుధ
నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో మృగశిర కార్తె నాడు చేప మందుకు నాన్న భుజం మీద కూర్చుని లైన్‌లో నిలబడ్డ గుర్తు ఇంకా ఉంది. ఇప్పుడు ఇన్‌హేలర్‌తోనే నడుస్తోంది. మాస్క్ పెట్టుకుంటే ఆయాసం పెరుగుతుందని భయపడ్డాను గానీ నాకు జిమ్‌లో ఉల్టా జరిగింది. చల్లటి, పొడి ఏసీ గాలి గబగబా పీలిస్తేనే నాకు పిల్లికూతలు మొదలవుతాయి. మాస్క్ లోపల గాలి కాస్త వెచ్చగా, తేమగా ఉండేసరికి అవి తగ్గాయి. అందరికీ ఇలాగే ఉంటుందని అనను. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి. ఛాతీ బిగుసుకున్నా కళ్ళు తిరిగినా ఇంకో రెండు నిమిషాలు అని పట్టుపట్టొద్దు, అక్కడే ఆపి బయటికొచ్చి మాస్క్ తీసేయండి.

టెర్రస్_తోట
మా జిమ్‌లో కొత్తగా రంగులు వేస్తున్నారు. ఎన్95 పెట్టుకున్నా వాసన వస్తోంది. అంటే నాది నకిలీదా?

కోఠి_షాపు
కాదమ్మా. అది దుమ్ము, తుంపరల లాంటి కణాలను ఆపుతుంది, వాసన గాలిలో కలిసిపోయిన ఆవిరి. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఉన్న కాట్రిడ్జ్ కావాలి, రంగులు కొట్టేవాళ్ళు పెట్టుకునే రబ్బరు మాస్క్‌కు ఉంటుంది. అది పెట్టుకుని వ్యాయామం చెయ్యలేరు. రంగు ఆరేదాకా జిమ్ మానేయండి.

పాతబస్తీ_కుర్రాడు
ఆన్‌లైన్‌లో నల్లగా రబ్బరుతో, ముందర మూడు డబ్బాలు ఉండేది కనిపిస్తది చూడండి, "ఎలివేషన్ ట్రైనింగ్" అని. పర్వతం మీద పరుగెత్తినట్టు ఉంటదంట. నాని అన్నకు అది పనికొస్తదా?

ఫిజియో_పద్మ
రాదు. అది మాస్క్ రూపంలో ఉన్న పరికరం, అంతే. ఊపిరి లాగడం కష్టం చేస్తుంది గానీ వడకట్టదు. పర్వతం మీద గాలి పీడనమే తక్కువ, అది రబ్బరు ముక్కతో రాదు.

సెల్లార్_బాధితుడు
అందరూ మాస్క్ గురించే మాట్లాడుతున్నారు, గది గురించి ఎవరూ అనడం లేదు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. 30 మంది ఆయాసపడి వదిలిందే మళ్ళీ అందరూ పీలుస్తారు. నేను చిన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను, అరచేతిలో పడుతుంది. బయట రోడ్డు మీద 430 చూపించింది. మాదాపూర్‌లో మా జిమ్ సెల్లార్‌లోకి దిగి రాత్రి 8కి చూస్తే 2,300. తెల్లవారి 5.30కి అదే చోట 700. మనిషి వదిలే గాలి ఎంత పేరుకుందో ఆ నంబరే చెప్తుంది, మాస్క్ ఏదైనా కానీ 700 గదికీ 2,300 గదికీ పోలికే లేదు. నాని, ముందు మీ టైమ్ మార్చుకోండి.

జుంబా_అక్క
అబ్బ, ఇది అసలు మాట. మా హాల్లో రెండు పక్కలా కిటికీలు తీసి ఎగ్జాస్ట్ పెట్టించాక సాయంత్రం క్లాసులో నాకు తలనొప్పులే తగ్గాయి. ఏసీ లేదని ఇద్దరు మానేశారు, పోనీలెమ్మన్నా.

ఉప్పల్_పహిల్వాన్
నేను మొదటి నుంచి అంటున్నది ఇదే కదా. మా తాలీమ్‌లో, అంటే కుస్తీ పట్టే చోట, పైన రేకులు, మూడు వైపులా గోడ కూడా లేదు. కింద ఎర్రమట్టి. అక్కడ ఎవరికీ మాస్క్ గుర్తే రాదు. నాని భయ్యా, మీ నాన్న సంగతి మొదటి లైన్లోనే రాశావు, నేను సరిగ్గా చదవకుండా ఇంట్లో దండాలు తియ్యమన్నా. ఏమనుకోకు. వాన లేని రోజుల్లో బయట నడక పెట్టుకో, జిమ్ బరువులకు మాత్రం పెట్టుకో.

నిజాంపేట్_నాని
అయ్యో, ఏమీ అనుకోలేదు అన్నా. బరువులకే జిమ్ అన్నది బాగుంది. కానీ చలికాలంలో పొద్దున మా రోడ్డు మీద పొగ మంచులా కమ్ముకుని ఉంటుంది, కన్‌స్ట్రక్షన్ దుమ్ము వేరే. నవంబర్ నుంచి జనవరి దాకా బయట పరుగు నాకు భయమే.

కళ్ళజోడు_రావు
గడ్డం ఉందా నానీ? ఎవరూ అడగలేదు. నాకు నాలుగు రోజుల గడ్డం ఉన్నప్పుడు మాస్క్ అంచు చుట్టూ ఆవిరి తగిలేది, నున్నగా గీసుకున్న రోజు తగలదు. పెట్టుకున్నాక రెండు చేతులూ దొన్నెలా మాస్క్ మీద పెట్టి గట్టిగా ఊదు. చెంపలకో కళ్ళకో గాలి తగిలితే సందు ఉన్నట్టే.

నిజాంపేట్_నాని
ఉంది రావు గారూ. మీసం, గడ్డం రెండూ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది 🙂

మలక్‌పేట_మామ
ఒక్కటి ఎన్నిసార్లు వాడొచ్చు? రోజుకో కొత్తది అంటే నెలకు ఎంతవుతుంది బాబూ?

కోఠి_షాపు
చెమటకు పూర్తిగా తడిసిపోయింది పారేయండి మామా, ఆరబెట్టి వాడొద్దు. లోపలి వైపు కొంచెం తేమ మాత్రమే ఉంటే నాలుగైదు మాస్క్‌లు పెట్టుకుని వంతులవారీగా వాడొచ్చు. వాడినదాన్ని కాగితం కవర్లో పెట్టి తేదీ రాయండి, నాలుగైదు రోజులు గాలికి వదిలేయండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమ పోదు. రబ్బరు సాగినా, ముక్కు తీగ విరిగినా, గాలి లాగడం బరువైనా దాని పని అయిపోయినట్టే. బరువులు మాత్రమే చేసే రోజు పాతది, నడక రోజు కొత్తది అని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది.

శ్వాస_సుధ
చెమట నుదుటి మీద నుంచి కారి మాస్క్‌లోకి దిగుతుంది, అక్కడే సగం తడుస్తుంది. నుదుటికి టవల్ బ్యాండ్ కట్టుకోండి. నాకు దానితోనే ఒక మాస్క్ గంటసేపు వస్తోంది, లేకపోతే అరగంటే.

నిజాంపేట్_నాని
పది రోజులయ్యింది, ఏం చేశానో రాస్తున్నా.

ఆదివారం గడ్డం గీయించుకున్నా. అమ్మ తలుపు తీసి రెండు సెకన్లు ఎవరో అనుకుంది. కోఠి వెళ్ళి తల రబ్బర్లున్నవి రెండు రకాలు తెచ్చా, డక్‌బిల్ ఒకటి, వాల్వ్ ఉన్న కప్పు రకం ఒకటి. అక్కా, డక్‌బిల్ నిజంగానే పెదాలకు తగల్లేదు, కానీ బెంచ్ మీద పడుకుని బరువులెత్తేటప్పుడు కిందికి చూస్తే దాని అంచు కళ్ళకు అడ్డం వస్తోంది. నడకకు డక్‌బిల్, బెంచ్‌కు కప్పు అని పెట్టుకున్నా.

జిమ్‌వాళ్ళను అడిగి పొద్దున 5.30కి మారాను. ఆ టైమ్‌లో ఆరుగురమే ఉంటాం. షట్టర్ సగం ఎత్తి ఉంచమన్నా, ట్రైనర్ మొదట విసుక్కున్నాడు, విషయం చెప్పాక ఇప్పుడు తనే ఎత్తుతున్నాడు. 2021లో కొన్న ఆక్సీమీటర్ అల్మారాలో ఉంటే సెల్స్ మార్చి తీసుకెళ్ళా. మాస్క్‌తో 5.5లో, 6 ఎత్తులో 35 నిమిషాలు నడిచి దిగి వేలికి పెట్టుకుంటే ఆక్సిజన్ 98. ఊపిరాడట్లేదని ఇన్నాళ్ళూ నేను పడ్డ టెన్షన్‌లో సగం ఆ నంబరు చూశాకే పోయింది. పద్మ గారూ, పాట పాడలేను, మాట్లాడగలను, సరిగ్గా అక్కడే ఆపుతున్నా.

ఒక్కటి మాత్రం ఇంకా కుదరలేదు. ముక్కు దూలం మీద ఎర్రగా గీత పడుతోంది, సాయంత్రానికి మంట.

జుంబా_అక్క
తీగ లోపలి వైపు స్పాంజి పట్టీ ఉన్న రకం అడుగు. పెట్టుకునే ముందు మొహానికి క్రీమ్ గానీ నూనె గానీ రాయకు, జారుతుంది. ఇంటికొచ్చాక రాసుకో. నాన్నగారు ఎలా ఉన్నారు?

నిజాంపేట్_నాని
బాగున్నారు అక్కా. నిన్న కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.2 వచ్చింది. బాల్కనీలో కూర్చుని నా మాస్క్ కవర్ల మీద తేదీలు ఆయనే రాస్తున్నారు.

కోఠి_షాపు
స్పాంజి పట్టీది మా దగ్గరుంది తమ్ముడూ. శనివారం రా, పెట్టుకుని చూసి తీసుకో.